కెమెరాకు చిక్కనిది లేనట్టేనా?

ఒక వస్తువు ఎదుట ఉందని తెలుసుకోవడంలో పెద్ద చిక్కు లేదు గాని, అది లేదని తెలియడం ఏ సాధనం వల్ల అన్నది భారతీయ ప్రమాణశాస్త్రంలో తరతరాల వాదానికి తావిచ్చింది. నేల మీద కుండ లేదని చెప్పేవాని కంటికి అందుతున్నది నేలే తప్ప కుండ లేకపోవడం కాదు గనుక, ఆ లేమిని తెలిపేది ప్రత్యక్షం కాదని, అనుపలబ్ధి, అంటే కనబడకపోవడమే, అందుకు వేరొక ప్రమాణమని (తెలుసుకునే సాధనమని) మీమాంసకుడైన కుమారిలభట్టు, ఆయన బాటలో అద్వైతులు ప్రతిపాదించారు. నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, దీనికి ఒప్పుకోలేదు. ఆంధ్రదేశీయుడిగా ప్రసిద్ధి చెందిన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహం, అభావాన్ని, అంటే లేమిని, ఏడవ పదార్థంగా లెక్కించి, కుండ లేకపోవడం నేలకు విశేషణంగా ఇంద్రియానికే గోచరిస్తుందని నిర్ణయించింది. ఇంత భేదమున్నా ఇరుపక్షాలూ విడవని నియమం ఒకటుంది. దాని పేరు యోగ్యత: వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడి ఉండేది అనదగిన స్థితి. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని అర్థం కాదు.

ఈ నియమం నేడు కొత్త అవసరంతో ముందుకు వస్తున్నది. 2012లో రాస్‌బెర్రీ పై అనే అరచేతి పరిమాణపు కంప్యూటర్ విడుదలైన తరువాత, దానికి ఒక యూఎస్‌బీ వెబ్‌క్యామ్ తగిలించి వాకిలినో, పశువుల కొట్టాన్నో, ప్రయోగశాలనో కనిపెట్టి ఉండేలా చేయడం సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. యూవీసీ అనే ఉమ్మడి సాంకేతిక నిర్దేశాన్ని పాటించే కెమెరాలను నడిపే డ్రైవరు 2008లోనే లైనక్స్ కెర్నెల్‌లో చేరింది కనుక, తగిలించగానే అవి చాలావరకు పనిచేస్తాయి. కదలిక కనబడితేనే రికార్డు చేసేలా అమర్చినప్పుడు, ఒక్కోసారి తెల్లవారి చూస్తే రికార్డింగు ఏదీ ఉండదు. రాత్రి ఎవరూ రాలేదని నిశ్చయిస్తారు. ఆ నిశ్చయానికి యోగ్యత ఉందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

దానికి సమాధానం యంత్రం లోపలి నడకలో వెతకాలి. వెబ్‌క్యామ్‌లు సాధారణంగా వాడే ముడి రూపంలో, అంటే కుదించని రూపంలో, ఒక్కో పిక్సెల్‌కు రెండు బైట్లు పడతాయి. 640×480 పరిమాణంలో సెకనుకు 30 చిత్రాలు పంపాలంటే సుమారు 1.84 కోట్ల బైట్లు కావాలి, 1280×720 అయితే ఆ లెక్క 5.5 కోట్లు దాటుతుంది. యూఎస్‌బీ 2.0లో ఇటువంటి ప్రవాహానికి ఒక కెమెరా పొందగల గరిష్ఠ వాటా సెకనుకు దాదాపు 2.45 కోట్ల బైట్లే. కాబట్టి పెద్ద చిత్రాలను కెమెరాయే జేపెగ్ పద్ధతిలో కుదించి, సూక్ష్మ వివరాలను కొంత వదిలేసి పంపుతుంది. అంతకంటే గంభీరమైన విషయం ఆ ప్రవాహపు స్వభావంలో ఉంది. చాలా వెబ్‌క్యామ్‌లు ఐసోక్రోనస్ అనే పద్ధతిని వాడతాయి. ప్రతి చిన్న కాలఖండానికీ నిర్ణీత వాటా దొరుకుతుందని అది హామీ ఇస్తుంది గాని, దారిలో పోయిన భాగాన్ని మళ్లీ పంపమని అడగదు. పూర్ణత్వాన్ని వదులుకుని సమయపాలనను ఎంచుకున్న ఏర్పాటు ఇది. పోయింది పోయినట్టే, ప్రోగ్రామును రాసినవారు ప్రత్యేకించి పట్టించుకుంటే తప్ప, పోయిందన్న సంగతి రికార్డింగులో ఎక్కడా ఉండదు.

ఉన్నదాన్ని చూపడంలో కూడా కెమెరాది శుద్ధమైన ప్రత్యక్షం కాదు. బేయర్ ఫిల్టర్ ఉన్న సెన్సరులో ప్రతి బిందువూ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్క రంగునే కొలుస్తుంది, మిగిలిన రెండింటినీ పొరుగు బిందువుల ఆధారంగా గణించి నింపుతారు. అంటే చిత్రంలోని రంగు విలువల్లో మూడింట రెండు వంతులు అనుమానం వల్ల, హేతువును బట్టి ఊహించడం వల్ల, వచ్చినవే. అయినా ఈ అనుమానానికి స్థిరమైన ఆధారం ఉంది కనుక, చిత్రంలో మనిషి ఉంటే ఎదుట మనిషి ఉన్నాడనడం చాలావరకు నిలుస్తుంది. లేమి విషయంలో అటువంటి ఊతం లేదు.

కదలికను పసిగట్టి రికార్డు చేసే ప్రోగ్రాములు ఒక చిత్రాన్ని మరొకదానితో పోల్చి, మారిన పిక్సెళ్ల సంఖ్య ఒక పరిమితిని దాటితేనే మేల్కొంటాయి. దూరాన నడిచే మనిషి ఆ పరిమితికి చేరకపోవచ్చు. వెలుతురు తగ్గినప్పుడు చాలా కెమెరాలు ఒక్కో చిత్రానికి ఎక్కువ సమయం తీసుకుని, సెకనుకు తీసే చిత్రాల సంఖ్యను తగ్గిస్తాయి. విద్యుత్తు చాలకపోతే కెమెరా కాసేపు తెగిపోవచ్చు. 2023లో వచ్చిన రాస్‌బెర్రీ పై 5కు ముందటి నమూనాల్లో సొంత గడియారం లేదు కనుక, నెట్‌వర్క్ అందనప్పుడు వీడియో మీది తేదీ, సమయాలను కూడా నమ్మలేము.

మనిషి చూపుకూ ఈ యంత్రపు చూపుకూ గల భేదం ఇక్కడే తేటపడుతుంది. చీకట్లో ఉన్నవానికి తాను చీకట్లో ఉన్నానని తెలుసు. కనబడకపోవడంతో పాటు దాని కారణం కూడా అతని ఎరుకలోకి వస్తుంది కనుకనే కుండ లేదని చెప్పడానికి వెనుకాడతాడు. కెమెరాకు ఆ ఎరుక లేదు. రాత్రంతా సక్రమంగా పనిచేసి ఏమీ కనబడని కెమెరా, రాత్రంతా తెగిపోయి ఉన్న కెమెరా, రెండూ ఉదయానికి ఇచ్చేది ఖాళీ ఫోల్డరే. అనుపలబ్ధి రెండుచోట్లా ఒకటే. యోగ్యత మాత్రం మొదటిదానికే ఉంది. ఆ తేడాను స్థాపించవలసిన భారం పూర్తిగా మనిషి మీద పడుతుంది. కాపలావాడు ఆ రాత్రి పనికి రాలేదని, అతడు చిత్రంలో లేకపోవడమే సాక్ష్యంగా చూపి జీతం కోస్తే, అది ప్రమాణదోషంతో ఆగదు, అన్యాయమవుతుంది.

ఈ దోషానికి పరిహారం దుర్లభమేమీ కాదు. లైనక్స్‌లో వీడియోను అందించే వీ4ఎల్2 వ్యవస్థ ప్రతి చిత్రంతో పాటు ఒక వరుస సంఖ్యనూ, కాలముద్రనూ ఇస్తుంది. ఆ వరుసలో ఖాళీ వస్తే నడుమ చిత్రాలు జారిపోయాయని తెలుస్తుంది. కెమెరాను అమర్చేవారు ఆ సంఖ్యలనూ, కెమెరా తెగిపోయిన వేళలనూ వీడియోతో పాటే భద్రపరచాలి. అవి లేని రికార్డింగును, ఎవరూ రాలేదనడానికి గాని ఏదీ జరగలేదనడానికి గాని, ప్రమాణంగా స్వీకరించకూడదు.