గుర్రపుడెక్క పూవు - జీవదయ

బసవేశ్వరుల బోధలో దయకు అగ్రస్థానము కలదు. అట్లయిన, పచ్చగా పెరిగి నిండుగా పూచిన మొక్కను భక్తుడు వేరుతో పెరికివేయవచ్చునా? మన చెరువులను కప్పివేయుచున్న గుర్రపుడెక్కను చూచినపుడు ఈ ప్రశ్న పుట్టక మానదు.

దాని పూవు నిజముగా అందమైనది. లేత యూదావన్నె రేకులు ఆరు. పై రేకుమీద నెమలికన్ను వంటి పసుపు మచ్చ. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము. పందొమ్మిదవ శతాబ్ది చివర, అందముకొరకే, వంగదేశమునకు తేబడినది. తెచ్చినవారికి చెడుతలంపు లేదు. కాని 1936లో దానిని తొలగించుటకై అచట ప్రత్యేకముగా ఒక చట్టమే చేయవలసివచ్చినది. నేడు మన కొల్లేటిలోను, ఊరి చెరువులలోను అదియే. ఎండయు, మురుగునీటి సారమును అనుకూలించినచో రెండు వారములలో రెండింతలగును.

దయను గూర్చి తలచువారు ఆ పచ్చని కప్పు క్రిందికి చూడవలెను. అచట వెలుతురు లేదు. నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చును. వల వేయ చోటులేక బెస్తవాని పొయ్యి ఆరును. కాలువకు అడ్డుపడుటచే చివరి పొలమునకు నీరందదు. పైకి కనుపించు ప్రాణిపై జాలిపడి, క్రింద కనుపింపని ప్రాణులను మరచుట దయ కాదు. కంటికింపైన దానిపై పక్షపాతము.

అయినను మొక్కను ద్వేషింప పనిలేదు. పుట్టినింట దానిని తిను పురుగులు కలవు. అచటినుండి వేరుచేసినది మనుష్యులు. చెరువులోనికి మురుగు వదలి మేపుచున్నదియు మనుష్యులే. కావున పెరుకువాడు శిక్షించుటలేదు, అప్పు తీర్చుచున్నాడు. ఎవరో తెచ్చినదానికి మేమేల పాటుపడవలెనను వాదము నాకు రుచింపదు. ఆ నీరు త్రాగువారందరును ఋణస్థులే.

నులియ చందయ్యగారు గడ్డి కోసి, త్రాళ్ళు పేని, దాసోహము నడపిన శరణులు. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడినను కాయకము ఆపలేదని వారి కథ. అట్టివారిని కొలుచు మనము, కోనేటి పనిని కూలివారికి అప్పగించి గట్టుమీద నిలుచుట ఎంతవరకు తగునో మఠములవారు యోచింపవలెను.

పూత రాకమునుపే తీయుట మేలు. గట్టున వదలిన వానకు మరల నీట జారును. దూరముగా గుంటలో పేడతో కలిపి కుళ్ళబెట్టిన ఎరువగును. ఇష్టలింగార్చనకు ఆ పూలు కోయవచ్చునా యని అడుగువారు కలరు. కోయవచ్చును, మొక్కతో సహా. బురదలో విత్తనములు పదియేండ్లకు పైబడియు మొలకెత్తును గనుక, శుభ్రపరచిన చోటనే మరుసటి వానకాలమున మరల దిగవలసియుండును.