ఊరు మోస్తున్న ఇంటిపేరు



జూలై చలిలో ఎడ్మండ్‌సన్ పార్క్ స్టేషన్‌లో పొద్దున్నే రైలు కోసం నిలబడినప్పుడల్లా నాకు 2019 జూలై గుర్తొస్తుంది. మనకిక్కడ ఆస్ట్రేలియాలో చలి ముదిరే రోజులు యూరప్‌లో మంచి ఎండాకాలం. పిల్లలు పెద్దవాళ్లయ్యాక మేమిద్దరమే చేసిన మొదటి ప్రయాణం అది. మూడు వారాల్లో పారిస్, స్విట్జర్లాండ్ కొండలు, వెనిస్, ఆమ్‌స్టర్‌డామ్ చూశాం. ఆ ఊళ్ల సంగతి కాదు, చివరి రోజుల సంగతి చెబుతాను.

సెలవుల చివర్లో మనసు మనకంటే ముందే ఇల్లు చేరుకుంటుంది. తీసుకెళ్లిన ఆవకాయ అడుగంటింది. మా ఆయన రాత్రిళ్లు పెట్టెల బరువు చూడటం మొదలుపెట్టారు. పెరట్లో కరివేపాకు మొక్క మంచుకు మాడిపోలేదు కదా అని నా దిగులు. బ్రస్సెల్స్‌లో విమానం ఎక్కడానికి ఇంకా రెండు రోజులుంది. బంధువులకు చాక్లెట్లు కొనాలని నేను జాబితా రాసుకుంటుంటే మా ఆయన అన్నారు: "కొనడానికి రేపుంది కదా. ఈపర్ వెళ్లొద్దామా? కాన్‌బెర్రా యుద్ధ స్మారకంలో గుమ్మం దగ్గర రెండు రాతి సింహాలు చూశాం, గుర్తుందా? అవి ఆ ఊరివే."

నిజమే. 1936లో బెల్జియంలోని ఈపర్ పట్టణం ఆ సింహాలను ఆస్ట్రేలియాకు బహుమతిగా ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మన సైనికులెందరో ఆ ఊరి తూర్పు ద్వారం గుండా యుద్ధభూమికి నడిచి వెళ్లారు. ఇప్పుడు ఆ చోట మెనిన్ గేట్ అనే పెద్ద కమాను ఉంది. దాని గోడల నిండా పేర్లే. సమాధి కూడా దొరకని 54,000 మందికి పైగా సైనికుల పేర్లు. అందులో ఆస్ట్రేలియావాళ్లవి ఆరు వేలకు పైనే. వందల మంది భారత సైనికుల పేర్లూ ఉన్నాయి. ఆ ఊరికి దగ్గర్లోనే, హోలెబేక్ దగ్గర 1914 అక్టోబరు 31న చూపిన ధైర్యానికి ఖుదాదాద్ ఖాన్‌కు విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆ పతకం అందుకున్న తొలి భారతీయ సైనికుడు ఆయనే.

రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆ కమాను కింద రాకపోకలు ఆపేస్తారు. ఆ ఊరి అగ్నిమాపక దళం మనుషులు నిలబడి లాస్ట్ పోస్ట్ అనే నివాళి బాణీని బూర మీద ఊదుతారు. 1928లో మొదలైన ఆనవాయితీ అది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణ సాగిన నాలుగేళ్లూ అక్కడ ఆగిపోయింది. 1944 సెప్టెంబరు 6న ఊరికి విముక్తి వచ్చింది. ఆ సాయంత్రమే బూర మళ్లీ మోగింది.

మేం వెళ్లిన రోజు ఎనిమిదైనా ఎండ తగ్గలేదు. బూర ఆగాక కాసేపు ఎవరూ కదల్లేదు. మా పక్కన ఒక పెద్దావిడ ఉన్నారు, ఆస్ట్రేలియా ఆవిడే. తన తాతగారి తమ్ముడి పేరు గోడ మీద వెతుక్కుని, వేలితో తడిమి వచ్చారట. మీదే ఊరు అని అడిగారు. చెప్పాను. ఆవిడ ముఖం వెలిగింది. "ఓ, జాన్ ఎడ్మండ్‌సన్ పేరు పెట్టిన ఊరా!" అన్నారు.

నేను జవాబు చెప్పలేకపోయాను. 2015 ఫిబ్రవరిలో మన స్టేషన్ తెరిచినప్పటి నుంచి ఆ పేరు రోజూ చదువుతున్నాను. అది ఒక మనిషి పేరని ఒక్కనాడూ తట్టలేదు.

ఆ రాత్రి హోటల్ గదిలో పెట్టెలు సర్దడం మానేసి ఇద్దరం ఆయన గురించి చదువుకున్నాం. జాన్ హర్స్ట్ ఎడ్మండ్‌సన్ మన పక్కనున్న లివర్‌పూల్ ప్రాంతంలో పెరిగిన రైతుబిడ్డ. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. 1941 ఏప్రిల్ 13 రాత్రి లిబియాలోని టోబ్రూక్‌లో జర్మన్లు కంచె దాటి లోపలికి వచ్చారు. లెఫ్టినెంట్ మాకెల్ వెంట ఎడ్మండ్‌సన్, మరో ఐదుగురు బాయొనెట్లతో ఎదురెళ్లారు. మెడకు, కడుపుకు గాయాలైనా ఎడ్మండ్‌సన్ ఆగలేదు. ఇద్దరు శత్రువుల మధ్య చిక్కుకున్న మాకెల్‌ను కాపాడారు. ఆ గాయాలతోనే ప్రాణం విడిచారు. వయసు 26. రెండో ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన మొదటి ఆస్ట్రేలియా సైనికుడు ఆయనే. టోబ్రూక్ ముట్టడిలో ఆస్ట్రేలియన్ల పక్కనే భారత సైన్యపు 18వ క్యావల్రీ కూడా పోరాడింది. ఎడ్మండ్‌సన్ పతకం కాన్‌బెర్రాలో ఉంది, ఆ సింహాలున్న భవనంలోనే. సింహాలతో ఫొటో దిగి వచ్చాం గానీ, ఆ పతకం కోసం వెతకాలని మాకు తెలియలేదు.

తెలుగువాళ్లం చాలామందిమి ఊరి పేరును ఇంటిపేరుగా పెట్టుకున్నవాళ్లం. మన తాతల తాతలు వదిలి వచ్చిన ఊరు, మనం కంటితో చూడని ఊరు, మన పేరు ముందు తరాల తరబడి నడుస్తూనే ఉంటుంది. ఇక్కడ ఊరే ఒక మనిషి ఇంటిపేరు పెట్టుకుంది. ఒక్కగానొక్క కొడుకు, పెళ్లి కాకుండానే పోయాడు. ఆ ఇంట్లో ఆ పేరు అక్కడితో ఆగిపోవాల్సింది. ఇప్పుడు మన చిరునామాల్లో, మన పిల్లల బడి కాగితాల మీద, మనం అమ్మానాన్నలకు పంపే పార్సిళ్ల మీద ఉంది. ఇంటిపేరు విలువ తెలిసిన మనం ఆ పేరును తెలుసుకుని పలకాలి.

ఆ ప్రయాణంలో చాక్లెట్లు తక్కువే తెచ్చాం. ఎవరూ ఏమీ అనుకోలేదు. మరుసటి నెలలో మళ్లీ కాన్‌బెర్రా వెళ్లాం. మనకు మూడు గంటల లోపు దారే. ఈసారి సింహాల దగ్గర ఆగకుండా లోపలికి నడిచాం.

ఈ సెలవుల్లో మీరు ఎంత దూరమైనా వెళ్లి రండి. తిరిగి వచ్చాక మీ ఇంటి వీధికి ఎవరి పేరు పెట్టారో, మన పక్కనున్న బార్డియా అనే ఊరికి ఆ పేరెందుకు వచ్చిందో పిల్లలతో కలిసి కనుక్కోండి. ఈ ఉదయం రైలెక్కే ముందు మాత్రం స్టేషన్ బోర్డును ఒక్కసారి మనిషి పేరుగా చదవండి.