మెదడు చిత్రాల దత్తాంశం: దానమా, నిక్షేపమా?

ఎం.ఆర్.ఐ. యంత్రం తీసిన మెదడు చిత్రం ఆసుపత్రి దాటి పరిశోధకుల చేతికి చేరిన తరువాత అది ఎవరిది అన్నది చట్టం ఒక్కటే తేల్చగల ప్రశ్న కాదు. గత మూడు దశాబ్దాలలో ఈ రంగంలో రెండు తలుపులు తెరుచుకున్నాయి. మొదటిది సాధనానిది. 1991లో లండన్‌లో మొదలైన ఎస్.పి.ఎం., 1990ల నడిమి కాలంలో అమెరికాలో రూపొందిన ఆఫ్నీ, 2000లో ఆక్స్‌ఫర్డ్ వెలువరించిన ఎఫ్.ఎస్.ఎల్. వంటి సాఫ్ట్‌వేర్లను మూలసంకేతంతో సహా పరిశోధకులు వెల లేకుండా పొందవచ్చు. రెండవది దత్తాంశానిది. ఓపెన్‌న్యూరో వంటి భాండారాలలో వేలాది మంది మెదడు చిత్రాలు ఎవరైనా దించుకొనేందుకు వీలుగా ఉన్నాయి. ఈ రెంటినీ ‘బహిరంగ విజ్ఞానం’ అనే ఒకే సద్గుణంగా పరిగణించడం పరిపాటి. అవి ఒకటి కావు. సాధనాన్ని తెరవడం షరతులు లేని బాధ్యత. దత్తాంశాన్ని తెరవడం మాత్రం ఆ చిత్రం ఎవరిదో ఆ మనిషితో కుదిరిన ఒడంబడికకు లోబడిన బాధ్యత. కర్నూలు, కడప ప్రాంతాల వైపు నుంచి చూసినప్పుడు ఈ భేదం మరింత స్ఫుటంగా కనబడుతుంది.

సాధనం విషయంలో తెలుగు పరిశోధకులకు దగ్గరి దృష్టాంతం కడపలోనే ఉంది. 1820లో ఉద్యోగరీత్యా ఆ ఊరికి వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన బంగళాలో పండితులను, లేఖకులను సొంత ఖర్చుతో నియమించి తాళపత్ర ప్రతులను సేకరింపజేశాడు, పోల్చి చూపించాడు, పరిష్కరింపజేశాడు. 1829లో వేమన పద్యాలను అచ్చువేయించాడు. పరిష్కర్త ఏ పాఠాన్ని గ్రహించాడో చెప్పడం ఎంత ముఖ్యమో, దేనిని విడిచిపెట్టాడో చూపడం అంత ముఖ్యమని పాఠపరిష్కరణతో పరిచయమున్నవారందరికీ తెలుసు. పాఠాంతరాలు చూపని ముద్రణను పాఠకుడు నమ్మవలసిందే తప్ప పరీక్షించలేడు.

మెదడు చిత్రం కూడా యంత్రం నుంచి సిద్ధంగా వెలువడదు. రోగి తల కదలికను సరిచేయాలి, సంకేతాలలోని రొదను తగ్గించాలి, ప్రతి మెదడునూ ఒక ప్రామాణిక మెదడుపై సరిపెట్టాలి, ఏ స్థాయి దాటిన సంకేతాన్ని లెక్కలోకి తీసుకోవాలో నిర్ణయించాలి. ఇవన్నీ పరిష్కర్త నిర్ణయాల వంటివే. 2020లో ‘నేచర్’ ప్రచురించిన ఒక అధ్యయనంలో ఒకే దత్తాంశాన్ని 70 పరిశోధక బృందాలకు ఇచ్చి 9 ప్రతిపాదనలను పరీక్షించమన్నారు. ఏ రెండు బృందాలూ అచ్చంగా ఒకే మార్గాన్ని అనుసరించలేదు; నిర్ధారణలలోనూ గణనీయమైన భేదాలు వచ్చాయి. అంతకు ముందు, 2016లో, స్వీడన్, బ్రిటన్ పరిశోధకులు బహిరంగ భాండారంలోని 499 మంది ఆరోగ్యవంతుల చిత్రాలతో పైన చెప్పిన మూడు సాఫ్ట్‌వేర్లనూ పరీక్షించారు. 5 శాతానికి మించరాదనుకున్న తప్పుడు ఫలితాలు కొన్ని పద్ధతులలో 70 శాతం దాకా పోతున్నట్లు తేలింది. ఆఫ్నీలో 15 ఏళ్లుగా ఎవరి కంటా పడని ఒక దోషమూ ఆ క్రమంలోనే బయటపడింది. మూలసంకేతం మూసి ఉంటే ఆ దోషాన్ని వెదికి పట్టుకొనే దారి బయటివారికి ఉండేది కాదు. కాబట్టి ఈ సాఫ్ట్‌వేర్ల గొప్పతనం ఉచితంగా దొరకడంలో కన్నా నడిచిన దారిని చూపడంలో ఉంది. (ఉచితం అన్న మాటను కూడా కొంత జాగ్రత్తగా వాడాలి. ఎస్.పి.ఎం. ఉచితమే, కాని చాలాకాలం అది వెలపెట్టి కొనవలసిన మాట్‌ల్యాబ్ మీదనే నడిచింది.)

అయితే సాధనంతో పాటు దానిలో ఇమిడిన కొలబద్ద కూడా వస్తుంది. ఈ రంగంలో దీర్ఘకాలం ప్రమాణంగా నిలిచిన తలైరాక్ పటం 1988లో వెలువడింది. దానికి ఆధారం మరణించిన ఒక అరవై ఏళ్ల ఫ్రెంచి స్త్రీ మెదడు. తరువాత వచ్చిన మాంట్రియల్ ప్రమాణానికి అనేకుల చిత్రాలు ఆధారమైనా వారు పాశ్చాత్య సమాజానికి చెందినవారు. 2019లో హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి., తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ పరిశోధకులు వంద మంది ఆరోగ్యవంతులైన యువతీయువకుల చిత్రాలతో భారతీయ మెదడు పటాన్ని నిర్మించారు. సగటు భారతీయ మెదడు పొడవు, వెడల్పు, ఎత్తులలో పాశ్చాత్య ప్రమాణం కన్నా చిన్నదని వారు గుర్తించారు. దీనికీ తెలివితేటలకూ ముడిపెట్టరాదు. పందొమ్మిదవ శతాబ్దపు పుర్రె కొలతలు జాత్యహంకారానికి ఎంతగా ఉపకరించాయో మరువరానిది. ఇక్కడి ప్రశ్న వేరు. వృద్ధాప్యంలో మెదడు కుంచించుకుపోతున్నదా లేదా అని వైద్యుడు తేల్చవలసి వచ్చినప్పుడు, దేనితో పోల్చి తేల్చాలి?

దత్తాంశంలో ఒక ప్రాంతం వారు లేకపోవడం వారికి మాత్రమే నష్టం కాదు. 2013లో హైదరాబాదులోని నిమ్స్ వైద్యులు డిమెన్షియాకు గురైన 648 మంది వివరాలను పరిశీలించారు. రెండు లేదా అంతకు మించిన భాషలు మాట్లాడేవారిలో ఆ వ్యాధి ఏకభాషీయుల కన్నా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్లు గమనించారు. చదువురాని బహుభాషీయులలోనూ ఈ భేదం కనబడింది. అక్షరాస్యులే నిండిన పాశ్చాత్య దత్తాంశం నుంచి ఈ సంగతి రాబట్టడం కష్టం. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే సంతలో వినవచ్చే ఆదోని వంటి పట్టణం ఈ దృష్టితో శాస్త్రానికి విలువైన చోటు.

అలాగని ఆదోని వారి చిత్రాలను తెచ్చి భాండారంలో చేర్చితే న్యాయం జరిగినట్లేనా? తల ఎం.ఆర్.ఐ.లో మెదడుతో పాటు ముఖం రూపురేఖలు కూడా నమోదవుతాయి. 2019లో అమెరికా పరిశోధకులు 84 మంది ఎం.ఆర్.ఐ. చిత్రాల నుంచి ముఖాలను పునర్నిర్మించి, ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో ఫొటోలకు జతచేస్తే 83 శాతం సరిగా కుదిరాయి. చిత్రంలో ముఖభాగాన్ని చెరిపివేసే పద్ధతులు ఉన్నాయి, వాటిని వాడుతున్నారు కూడా. అవి ప్రమాదాన్ని తగ్గిస్తాయి, పూర్తిగా పోగొట్టవు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు చుట్టుపక్కల జిల్లాల నుంచే కాక తెలంగాణ, కర్ణాటక సరిహద్దు గ్రామాల నుంచి కూడా రోగులు వస్తారు. వారిలో మూర్ఛతో వచ్చిన ఒక పెళ్లికాని యువతిని ఊహించుకోవచ్చు. మూర్ఛ ఉన్నదన్న కారణంతో పెళ్లి చెల్లదని వాదించే అవకాశం హిందూ వివాహ చట్టంలో 1999 సవరణ దాకా ఉండేది. చట్టం మారింది కాని సంబంధాలు చూసేవారి మనసులు అంత తొందరగా మారలేదు. ఆమెకు ‘గోప్యత’ అన్నది తాత్త్విక భావన కాదు, బతుకుతెరువు.

తాళపత్రంతో పోలిక ఇక్కడ ఆగిపోతుంది. బ్రౌన్ సేకరించిన ప్రతులు రెండు వేలకు పైగా మద్రాసు లిటరరీ సొసైటీకి చేరాయి. వాటిని ఎందరు చదివితే కవికి అంత మేలు. మెదడు చిత్రం తాలూకు మనిషి బతికే ఉంటుంది.

ఈ సందర్భంలో ‘దత్తాంశ దానం’ అన్న ప్రయోగం తరచుగా వినవస్తున్నది. వినసొంపైన మాట, కాని ఇక్కడ పొసగదు. ధర్మశాస్త్ర సంప్రదాయంలో దానమంటే వస్తువుపై తన స్వత్వాన్ని వదులుకొని ఇతరులకు స్వత్వం కల్పించడం. ఇచ్చిన తరువాత దాతకు అడిగే హక్కు ఉండదు. అదే సంప్రదాయం నిక్షేపాన్ని వేరే వ్యవహారపదంగా గుర్తించింది. నిక్షేపంలో వస్తువు పరుల చేతిలో ఉన్నా స్వత్వం ఇచ్చినవారిదే. పుచ్చుకున్నవారిది కాపాడే బాధ్యత. లోపల ఏమున్నదో చెప్పకుండా మూసి అప్పగించిన దానిని ఉపనిధి అన్నారు. మెదడు చిత్రం దీనికి తలకిందులైన ఉపనిధి: లోపల ఏమున్నదో ఇచ్చిన మనిషికి తెలియదు, పుచ్చుకున్నవారికి తెలుస్తుంది. అనుకోకుండా అందులో కణితి జాడ కనబడితే చెప్పవలసిన బాధ్యత ఎవరిది? పేరు పూర్తిగా చెరిపివేస్తే రక్షణ పెరుగుతుంది, కబురు పంపే దారి మూసుకుపోతుంది. ఈ చిక్కును దానం అన్న మాట కప్పివేస్తుంది, నిక్షేపం అన్న మాట మన ముందుంచుతుంది.

వ్యక్తి సమ్మతి పాశ్చాత్య భావన అనీ, రాయలసీమ పల్లెలలో నిర్ణయం కుటుంబానిదనీ ఒక వాదం ఉంది. పెద్దలతో సంప్రదించడం వేరు, వారి మాటే ఆమె మాటగా చెల్లుబాటు కావడం వేరు. 2017 నాటి పుట్టస్వామి తీర్పులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా గుర్తించింది. ఆ హక్కు కుటుంబానికి కాక వ్యక్తికే చెందుతుంది.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం సమాచారం పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగు శాఖల పని మొదలయ్యేది ఇక్కడే. ‘అనామకీకరణానంతరం దత్తాంశము ఇతర పరిశోధకులతో పంచుకొనబడును’ అన్న వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టం. ఆలూరు నుంచి వచ్చిన స్త్రీకి అది ఏమీ చెప్పదు. పైగా ‘బడు’ ధాతువు కర్తను దాచేస్తుంది: ఎవరు పంచుతారు, ఎవరికి? దానికి బదులు ఇలా ఉండవచ్చు: “మీ పేరు తీసేస్తాం. ముఖం కనబడే భాగం చెరిపేస్తాం. అయినా ఎవరైనా పట్టుబట్టి వెదికితే ఇది మీదేనని కనిపెట్టే వీలు కొంచెం ఉంది. వేరే దేశాల వాళ్లు కూడా ఈ బొమ్మ చూస్తారు. ఒకసారి వాళ్లకు చేరినాక మేము వెనక్కి తెప్పించలేము. మీరు వద్దన్నా మీ వైద్యం ఆగదు.” చివరి వాక్యమే అన్నింటికన్నా ముఖ్యమైనది. వైద్యం కోసం చేతులు కట్టుకొని నిలబడిన మనిషి ‘సరే’ అన్నంత మాత్రాన దానిని సమ్మతిగా లెక్కించడం కుదరదు. విన్నది ఆమె చేతనే ఆమె మాటల్లో తిరిగి చెప్పించుకోవాలి.

ఆమె వద్దనవచ్చు. 2016 నుంచి వాడుకలో ఉన్న బిడ్స్ అనే ఉమ్మడి అమరికలో దత్తాంశంతో పాటు పాల్గొన్నవారి పట్టిక ఒకటి ఉంచడం వాడుక. కాదన్నవారి పేర్లు అందులో ఉండవు, ఉండనూ కూడదు. కాని ఎందరిని అడిగారు, ఎందరు వద్దన్నారు, ఏ భాషలో అడిగారు అన్న మూడు వివరాలు దత్తాంశ వివరణలో చేర్చడానికి సాంకేతికమైన అడ్డంకి ఏదీ లేదు. పరిష్కర్త విడిచిన పాఠాలను అధస్సూచిలో చూపినట్లు, ఆ చిత్రాలను వాడుకొనే దూరదేశపు పరిశోధకునికి అవి కూడా కనబడాలి.