అద్దాల మేడలు, ఆగిన ప్రశ్న

హైటెక్ సిటీలో 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ ముందునుంచి ఆటోలో వెళుతున్నాము. "అబ్బూ, ఇన్ని అద్దాలు ఎండకు పగిలిపోవా?" అన్నాడు మా ఆరేళ్ళవాడు. మాకు జవాబు తెలియదు. "ఊరుకోరా" అని చేతికి ఫోన్ ఇచ్చాము.

అమెరికాలో 2014లో వెలువడిన ఒక పరిశోధన గమనించండి. ప్రశ్న అడిగి, జవాబు చెప్పేలోగా ఎవరివో ముఖాలు చూపించారు. కుతూహలం ఎక్కువగా ఉన్నవేళ జవాబుతోపాటు ఆ ముఖాలూ బాగా గుర్తున్నాయి. డోపమైన్‌తో పనిచేసే భాగాలు, జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అప్పుడు చురుకుగా ఉన్నాయి. అంటే, తెలుసుకోవాలనే తహతహ తలుపు తెరిస్తే పక్కనున్నదీ లోపలికి వస్తుంది. మా వాడి పక్కన ఆ క్షణాన ఉన్నది ఫోన్!

మరి కుతూహలమంతా మంచిదేనా? కాదు. జ్ఞానం పెంచమని వేడుకోవడం తాహా సూరాలో నేర్పిన దివ్య ఖుర్ఆనే, ఇతరుల లోపాల కూపీ లాగడాన్ని హుజురాత్ సూరాలో వారించింది. పక్క ఫ్లాట్‌లో సాఫ్ట్‌వేర్ అబ్బాయి జీతమెంతో పిల్లల ఎదుటే ఆరా తీస్తాము. వారి ప్రశ్నలను మాత్రం కసురుతాము. "నాకూ తెలియదు బేటా, వెతుకుదాం రా" అనడానికి నామోషీ.

నిన్న మళ్ళీ అదే దారిలో వెళ్ళాము. వాడు అద్దాలవైపు చూడలేదు, ఫోన్ అడిగాడు.