అంగడిలోని ఆచార్యుడు

తత్త్వజిజ్ఞాసువు మఠములకును గ్రంథములకును పోవుట సహజమే. కాని ఎఱ్ఱన తెనిగించిన యరణ్యపర్వభాగమున, వేదాధ్యయనపరుడై, చూపుమాత్రమున కొంగను గూల్చిన కౌశికుడు, భిక్షకై పోయినచోట పతిశుశ్రూషలోనున్న యిల్లాలు జాగుచేసెనని కినిసి, తుదకామె పనుపుననే మిథిలకేగి, ముక్కుమొగమెఱుగని మాంసవిక్రేత యంగడి ముందర నిలువవలసివచ్చెను. ఆ ధర్మవ్యాధుడు సూక్ష్మధర్మములెన్నియో వివరించెను. నా మనస్సు మాత్రము, అతడు విప్రుని తన యింటికి గొనిపోయి, సుఖాసీనులైయున్న వృద్ధులగు తలిదండ్రులను జూపి, వీరే నాకు దైవములని పలికినచోటనే నిలిచిపోవును. అది సిద్ధాంతము గాదు, ఒక సామాన్యగృహస్థుని దినచర్య. తలిదండ్రులను విడిచివచ్చిన కౌశికునకు గావలసినదియు నదియే.

ఛాందోగ్యోపనిషత్తునందలి జానశ్రుతియు, అంత దాతయయ్యును, బండిక్రింద గజ్జి గోకికొనుచున్న రైక్వుని యొద్దకే విద్యకై పోయెను గదా!

మనకెదురగు నపరిచితులందఱును ధర్మవ్యాధులు కారు; రైలుపెట్టెలో వినవచ్చు మాటలలో ప్రగల్భములే మెండు. అయినను ప్రక్కవానిని మనమడుగునది యూరును, కులమును, జీతమును. అది సంభాషణము గాదు, పోలీసు విచారణ. ఆ ప్రశ్నలతో నెవ్వని ధర్మమును బయటపడదు. ఈసారి యాతడు తన ముసలితల్లి మాట యెత్తినచో, చేతనున్న పత్రికను మడిచి ప్రక్కన బెట్టుడు.