మూడో రోజు పొద్దున చంద్రుడు

ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో, పరీక్షల ముందు చదువుకోమని ఇచ్చిన సెలవుల్లో, రూమ్మేట్ లాప్‌టాప్ మీద మొదటిసారి ఆడాను ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: మెజోరాస్ మాస్క్’. 2000లో నింటెండో 64 కోసం వచ్చిన గేమ్. ఆడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా: టెర్మినా అని ఒక లోకం. దాని నడిమధ్యన క్లాక్ టౌన్ అని ఒక ఊరు. ఆ ఊరి నెత్తిన పళ్ళు బిగించి గుడ్లురిమి చూస్తున్న చంద్రుడు. మూడు రోజుల్లో ఆ చంద్రుడు ఊరి మీద పడతాడు. సరిగ్గా అప్పుడే ఊళ్లో ఏటా జరిగే కార్నివాల్. లింక్ అనే కుర్రాడు, అంటే మనం, ఈలోపు ఆపాలి. ఆపలేకపోతే ఒకరీనా అనే చిన్న వాయిద్యం మీద ఒక పాట వాయించి మళ్ళీ మొదటి రోజు పొద్దుటికి పారిపోవాలి. పారిపోతే ఆ మూడు రోజుల్లో ఎవరికి ఏ సాయం చేశామో అదంతా చెరిగిపోతుంది. ఎవరికీ మనం గుర్తుండం.

అప్పుడు నాకు వచ్చిన మొదటి ప్రశ్న కథ గురించి కాదు. “చంద్రుడు ఇలా పడడు కదా?” అన్నాను. రూమ్మేట్ తల కూడా ఎత్తకుండా “మాస్కు పెట్టుకుంటే మనిషి చేపైపోతున్నాడు, దానికి లేని డౌటు దీనికెందుకురా” అన్నాడు. న్యాయమైన మాటే. గోవర్ధనగిరిని చిటికెనవేలి మీద నిలబెట్టిన కథ వింటూ వేలి మీద పడే ఒత్తిడెంతని మా ఇంట్లో ఎవరూ లెక్కేయలేదు. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పదేళ్ళు దాటాక, పనీపాటా లేని ఒక ఆదివారం కూర్చుని లెక్క వేశాను. కల్పనని తప్పుపట్టడానికి కాదు. రాసినవాళ్ళు లోకంలో ఏ నియమాన్ని మార్చారో తెలిస్తే, ఎందుకు మార్చారో అడగొచ్చని.

ముందు అసలు చంద్రుడి సంగతి. ఆయన ఇప్పుడు కూడా పడుతూనే ఉన్నాడు. పక్కకి సెకనుకి సుమారు 1 కి.మీ. వేగంతో పోతున్నాడు కాబట్టి భూమి మీద పడకుండా చుట్టూ పడుతున్నాడు, అంతే తేడా. పైగా ఏడాదికి 3.8 సెం.మీ. చొప్పున దూరం జరుగుతున్నాడు కూడా. అపోలో యాత్రికులు అక్కడ పెట్టి వచ్చిన అద్దాల మీదికి లేజర్ కొట్టి కొలుస్తున్న అంకె ఇది. ఇప్పుడు ఎవరో మంత్రగాడు ఆ పక్కవేగాన్ని పూర్తిగా ఆపేశాడనుకుందాం. అప్పుడు చంద్రుడు నేరుగా భూమి వైపు పడటం మొదలుపెడతాడు. ఎన్నాళ్ళు పడుతుంది? దాదాపు 4.8 రోజులు. ఈ జవాబు వచ్చినప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. గేమ్‌లో మూడు రోజులు కదా, మరీ అంత దూరం లెక్క కాదన్నమాట! ఇప్పుడున్న 3,84,000 కి.మీ. నుంచి కాక, 2,80,000 కి.మీ. దగ్గర్నుంచి వదిలితే సరిగ్గా మూడు రోజులు.

కానీ ఆ మూడు రోజులు గేమ్‌లో మూడు రోజుల్లా ఉండవు. గేమ్‌లో చంద్రుడు, చూసినంతలో, గడియారం ముల్లులా కొంచెం కొంచెంగా దిగుతాడు. అసలు చంద్రుడు అలా రాడు. సగం సమయం, అంటే 36 గంటలు, అయిపోయేసరికి దూరంలో ఆరో వంతే తరుగుతుంది. మూడో రోజు పొద్దున, గేమ్‌లో నల్లటి తెర మీద ‘చివరి రోజు, ఇంకా 24 గంటలు’ అని పడే ఆ పొద్దున, చంద్రుడు ఇంకా 1,94,000 కి.మీ. దూరంలోనే ఉంటాడు. బయల్దేరినప్పటి కంటే ఒకటిన్నర రెట్లు కూడా పెద్దగా కనిపించడు. టీవీలో సూపర్ మూన్ అంటారు, మేడ మీదికెక్కి ఫోన్లలో ఫోటోలు తీసుకుంటాం. మిగతా దూరమంతా ఆ ఒక్క రోజులో. చివరి గంట మొదలయ్యేసరికి భూమి కేంద్రం నుంచి సుమారు 28,000 కి.మీ. ఆ దూరానికి ఆటుపోట్లని లేపే బలం ఈనాటి కంటే రెండున్నర వేల రెట్లు. ఆ తర్వాత లెక్క అనవసరం.

గేమ్‌లో చంద్రుడు నిజానికి ఇంత పెద్దవాడు కాదు. చివరి రాత్రి చూస్తే ఊరి కంటే కాస్త పెద్ద రాయి, అంతే. ఆ సైజుకి ఆటుపోట్లూ ఉండవు, ఏమీ ఉండవు. సరే, నా అంచనాగా 10 కి.మీ. ఎత్తు నుంచి దిగుతున్నాడనుకుంటే? వదిలేస్తే 45 సెకన్లలో పడాలి. మూడు రోజులు పట్టిందంటే సెకనుకి దాదాపు 3.9 సెం.మీ. వేగం. (మన చంద్రుడు ఏడాదికి దూరం జరిగేది ఇంచుమించు ఇంతే. కాకతాళీయం, కానీ చూసి నవ్వొచ్చింది.) అంత నెమ్మదిగా దిగిన రాయి కింద ఊరు నలిగిపోతుంది గానీ, గేమ్‌లో చూపించినట్టు మంటల కెరటం లేవదు.

ఇక్కడే నాకు అసలు విషయం తట్టింది. వేగం మారకుండా దిగుతోందంటే, న్యూటన్ మొదటి నియమం ప్రకారం, దాని మీద మొత్తం బలం సున్నా. అంటే ఆ చంద్రుడి బరువంతా ఎవరో ప్రతి క్షణం మోస్తున్నారు. గేమ్ చివర్లో నలుగురు రాక్షసదేహులు వచ్చి చేతులతో పట్టి ఆపుతారు చూడండి, అది కొత్తగా మొదలైన పని కాదు. అంతకు ముందు మూడు రోజులూ మోసింది ఆ చంద్రుణ్ణి కిందికి దించుతున్నవాడే: స్కల్ కిడ్, మాయముసుగు తగిలించుకున్న ఒక పిల్లవాడు, స్నేహితులు వదిలేసి వెళ్ళిపోయారని కుమిలిపోయినవాడు. వదిలేస్తే 45 సెకన్ల పని. వాడు వదల్లేదు. మూడు రోజుల పాటు అందరూ తలెత్తి చూసేలా దించాడు.

కాబట్టి గేమ్‌లో మార్చిన నియమం ఇది: ప్రమాదం అందరికీ సమానంగా, సమానమైన వేగంతో కనపడుతుంది. దానివల్ల క్లాక్ టౌన్‌లో ఎవరికీ ‘తెలీదు’ అనే సాకు మిగల్లేదు. మేయర్ ఆఫీసులో వడ్రంగుల మేస్త్రి మూతో కార్నివాల్ జరిగి తీరాలంటాడు, కాపలాదళం కెప్టెన్ విస్సెన్ ఊరు ఖాళీ చేయించాలంటాడు, మేయర్ ఎటూ తేల్చడు. కత్తిసాము నేర్పే గురువు చంద్రుడు వస్తే నరికేస్తానని కోతలు కోసి, చివరి రాత్రి వెనక గదిలో వణుకుతూ దాక్కుంటాడు. మూతోని మొదటిసారి ఆడినప్పుడు మూర్ఖుడనుకున్నాను. తలెత్తితే కనపడేదాన్ని కాదంటున్నాడు కదా. కానీ అదే మూతోని నా లెక్కలోని లోకంలో పెట్టి చూడండి. మూడో రోజు పొద్దున కూడా ఆకాశంలో కాస్త పెద్ద చంద్రుడే. “ఏం పడుతుంది, పోయి పని చూసుకోండి” అనేవాడు మూర్ఖుడు కాదు, మామూలు మనిషి. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకి మాత్రం కాళ్ళ కిందికి నీళ్ళొచ్చి ఏదో తేడా తెలుస్తుంది. మిగతావాళ్లలో తెలిసేది లెక్క వేయగలిగినవాడికి ఒక్కడికే. గేమ్‌లో ఊరి గోడకి ఆవల టెలిస్కోప్ పెట్టుకున్న ముసలాయన ఒకడున్నాడు. నా లోకంలో భారమంతా ఆయన మీద పడుతుంది. కార్నివాల్‌కి తోరణాలు కడుతున్నవాళ్ల దగ్గరికెళ్ళి, మామూలుగా ఉన్న చంద్రుణ్ణి చూపించి, “ఎల్లుండికి మనం ఉండం” అని చెప్పాలా? ఎప్పుడు చెప్పాలి?

ఈ ప్రశ్న నాకు తీరిక ప్రశ్న కాదు. నాన్నకి షుగర్ ఉంది, ఏటా రక్తపరీక్షలు చేయించుకుంటారు. కాకినాడ నుంచి రిపోర్టులు వాట్సాప్‌లో పంపేవారు. క్రియాటినిన్ ఒక ఏడు 1.3, తర్వాత 1.6, తర్వాత 2.1. “కొంచెం పెరిగిందట, ఆరు నెలల తర్వాత మళ్ళీ చూద్దామన్నారు డాక్టరుగారు” అని కింద మెసేజ్. కొంచెమే. కానీ ఆ అంకె స్వభావం వేరు. కిడ్నీలు ఏటా ఒకే మోతాదులో దెబ్బతింటూ పోతున్నా ఆ అంకె మొదట్లో పెద్దగా కదలదు. 1 నుంచి 2 అయ్యేసరికే పనిలో సుమారు సగం పోయినట్టు. అందుకే పాత డాక్టర్లు అంకెని కాకుండా, ఒకటిని ఆ అంకెతో భాగించి గ్రాఫ్ గీసేవారు. నేనూ ఎక్సెల్‌లో గీశాను. మూడు చుక్కలూ ఇంచుమించు ఒక గీత మీదకొచ్చాయి. గీత పొడిగిస్తే ఎక్కడికి పోతుందో కనపడింది.

అప్పటికి చెల్లి పెళ్ళికి ఐదు నెలలుంది. హాలు బుక్కయింది, నాన్న రోజూ ఎండలో తిరుగుతున్నారు, గొంతులో హుషారు. నేను ఫోన్ చేసి “పెళ్ళయ్యాక ఒకసారి హైదరాబాద్ రండి, మంచి డాక్టర్‌కి చూపిద్దాం” అన్నాను. అంతే. మూడు చుక్కలతో గీసిన గీతని నమ్మి ఇంట్లో గుండెలు పగలగొట్టడం తప్పు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, ఆ ఐదు నెలలూ నాకు కూడా కావాలి.

మెజోరాస్ మాస్క్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారు, క్రీమియా, రొమానీ. ఊరి బయట ఆవుల్ని పెంచుకుంటారు. చివరి రాత్రి క్రీమియా, పెద్దవాళ్ళు మాత్రమే తాగే మత్తుపాలు మొదటిసారి చెల్లికి ఇస్తుంది. నువ్వు పెద్దదానివయ్యావంటుంది. ఈ రాత్రి నా పక్కన పడుకో అంటుంది. రొమానీకి ఒకటే సంబరం. అక్కకి తెలుసు, చెల్లికి తెలీదు. గేమ్‌ల గురించి రాసేవాళ్ళు ఈ సన్నివేశాన్ని తెగ మెచ్చుకుంటారు, నేనూ ఏడ్చాను. నిరుడు మళ్ళీ ఆడినప్పుడు మాత్రం క్రీమియా మీద కోపం రాకపోవడానికి ఒకే కారణం కనిపించింది: ఆ రాత్రికి చేయగలిగింది ఇంకేమీ లేదు. అదే పాలు మొదటి రోజు పొద్దున పోసి ఉంటే? చెల్లిని భుజానేసుకుని ఎటైనా నడవడానికి టైముండగా పోసి ఉంటే దాన్ని ప్రేమ అందామా? నేను పోసింది ఏ రోజు పాలో నాకు తెలుసు.

పెళ్ళి బాగా జరిగింది. తర్వాత కిడ్నీ డాక్టర్ దగ్గరికి తీసుకెళితే, ఆయన రిపోర్టులు వరసగా పేర్చుకుని, ఆరు నెలల ముందొస్తే ఇంకొంచెం కాలం నెట్టుకొచ్చేవాళ్ళమేమో అన్నారు. ఎంతకాలమో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. నాన్న ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తారు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు నా లాప్‌టాప్‌లో పెళ్ళి ఫోటోలు వెతుకుతూ నాన్న ఆ ఫైల్ తెరిచారు. కరెంటు ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన మనిషి, గ్రాఫ్ చూడగానే పోల్చుకున్నారు. కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు. నేను వాకిట్లోంచి చూస్తున్నాను, లోపలికి వెళ్ళలేకపోయాను.

“ఇది పెళ్ళికి ముందు గీసిందే కదరా?”

“అవును నాన్నా.”

“గీత ఇంత తిన్నగా ఎలా వచ్చింది?”

“ఒకటి బై క్రియాటినిన్ తీసుకున్నా.”

“తిరగేశావన్నమాట” అన్నారు. తర్వాత గీత చివర వేలు పెట్టి, కింద తేదీ దాకా జరిపి, లోపల్నుంచి అమ్మ కాఫీ గ్లాసులతో వస్తున్న చప్పుడు విని మూత మూసేశారు. “దీన్ని మీ అమ్మకి చూపించకు” అన్నారు.