వాదన నేర్పవచ్చునా?

హైస్కూలులో రాజ్యాంగ న్యాయం నేర్పాలంటే మన మిత్రులలో కొందరు నొసలు చిట్లిస్తారు. చట్టం పాలకవర్గపు పనిముట్టు. దాని మెలకువలు పద్నాలుగేళ్ల పిల్లలకు నేర్పితే ప్లీడరు బుద్ధులు తప్ప ఏమబ్బుతాయని వారి ప్రశ్న. తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. ఇవాళ ఈ పక్షాన్నీ, రేపు ఆ పక్షాన్నీ ఒకే నోటితో వాదించగలగడం విద్యా, వంచనా?

కేరళ విద్యార్థుల కేసు చూడండి. జాతీయ గీతం పాడలేదని 1985 జూలైలో ముగ్గురు పిల్లలను బడినుంచి వెళ్లగొట్టారు. వాళ్లు యెహోవా సాక్షుల మతంవారు. గీతం వినిపిస్తున్నంతసేపూ మర్యాదగా లేచి నిలబడేవారు. గొంతు మాత్రం కలిపేవారు కారు. హైకోర్టు వారి మొర వినలేదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసినది తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. అందులోని కీలకం మత స్వాతంత్ర్యం ఒక్కటే కాదు. 19వ అధికరణం ఇచ్చిన వాక్స్వాతంత్ర్యానికి హద్దు గీయాలంటే చట్టం ఉండాలి, విద్యాశాఖ సర్క్యులరు చాలదు.

ఇప్పుడొక పిల్లవాణ్ణి ఆ బడి పక్షాన వాదించమనండి. మొదటి వాక్యంలోనే ‘క్రమశిక్షణ’ వచ్చేస్తుంది. రెండో వాక్యానికి తడుముకుంటాడు: లేచి నిలబడ్డవాళ్లు ఏ క్రమశిక్షణ తప్పారు? ఉపన్యాసంతో నేను పుట్టించలేని సందేహమది. ఇక మన సంగతి. ఆ పిల్లల దేవుడిమీద మనలో చాలామందికి నమ్మకం లేదు. అయినా వారి పక్షాన నిలిచి వాదించలేకపోతే, మనం కోరే స్వేచ్ఛ మన జట్టువారికి మాత్రమేనన్నమాట.

మిత్రుల భయానికి ఆధారం లేకపోలేదు. 1975లో, అత్యవసర పరిస్థితిలో, నిర్బంధితుల కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. పోలీసువాడు సొంత పగతో ఒకణ్ణి చంపితే దిక్కేదని జస్టిస్ ఖన్నా అటార్నీ జనరల్‌ను అడిగారు. తన వాదన ప్రకారం అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం దిక్కులేదన్నారాయన. తర్కంలో లోపం లేదు, ఎంత భయంకరం! 1976లో ఐదుగురిలో నలుగురు ప్రభుత్వం వైపే తీర్పిచ్చారు. ఖన్నా ఒక్కరే విభేదించారు. ఆ తీర్పును సుప్రీంకోర్టు స్పష్టంగా తోసిపుచ్చడానికి 2017 వరకూ పట్టింది.

ఈ రెండో కేసు చెప్పకుండా మొదటిది చెప్పడం నాకు సమ్మతం కాదు. వాదోపవాదాలు ముగిశాక ప్రతి విద్యార్థీ తన పక్షం విడిచి, న్యాయమూర్తి స్థానంలో కూర్చుని, కారణాలతో సొంత తీర్పు రాయాలి, తెలుగులోనే. దానికి మార్కులుండకూడదు. మార్కులు వేస్తే నలభై కాగితాలమీదా మాష్టారి అభిప్రాయమే కనబడుతుంది.